ఏటికి

ముందే చెప్పాలి: పడవ పదహారు అడుగులు.
మా పార్కింగు గడి పద్నాలుగున్నర.
ఆ అడుగున్నర గురించే అసోసియేషన్ కార్యదర్శి పట్నాయక్ గారు
లిఫ్టు పక్కన మూడు నోటీసులు అంటించారు.
మర్రిపాలెంలో, స్టిల్టు కింద, రెండు స్కూటర్ల నడుమ
టార్పాలిన్ కప్పుకుని పడుకుంది
చక్రాల మీద పడవ.

ముప్ఫై ఒక్క ఏళ్లు షిప్‌యార్డు డ్రాయింగు ఆఫీసులో
ఓడల పొట్టలు గీశాను.
ఏ రేకు ఎక్కడ వంగాలో, ఏ అతుకు ఎక్కడ దాగాలో
నా పెన్సిలుకి తెలుసు.
ఒక్క ఓడా నన్ను ఎక్కించుకోలేదు.
జలప్రవేశం రోజున మాత్రం
కాగితం పొట్లంలో ఒక లడ్డూ, గుప్పెడు కారప్పూస.

"సముద్రాన్ని గుమ్మంలో పెట్టుకుని
ఏటికమ్మా?" అన్నాడు ఎర్రయ్య,
పెదజాలరిపేటలో తెరచాపకి కుట్లు వేస్తూ.
"ఏటికే" అన్నాను.
కాసేపు చూసి నవ్వాడు,
పళ్ల మధ్య సూది జారకుండా.

సముద్రం నాకు ఆఫీసు.
కిటికీలోంచి రోజూ పైఅధికారిలా చూసేది.
ఏరైతే రెండు ఒడ్లూ చూపిస్తుంది,
ఎంత వచ్చామో, ఎంత మిగిలిందో దాచుకోదు.

కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను:
కార్తీకం వెళ్లాక. వరద ఎర్రన దిగి, లంకలు తేలాక.
తెల్లవారుజామున మూడింటికి జీపు వెనక కట్టాలి.
అనకాపల్లిలో టీ. తునిలో టైర్ల గాలి.
టోల్‌గేటు కుర్రాడు దీన్ని ఏ బండి కింద రాస్తాడో!
మధ్యాహ్నానికి కొవ్వూరు రేవు.
బండిని వెనక్కి, ఇంకా వెనక్కి,
గోదారి ఇరుసు ముట్టేదాకా.

ఆ తర్వాత రాయడానికి పెద్దగా లేదు.
రోజుకి రెండు కోసులు. గాలి మందగిస్తే ఒకటి.
అదీ లేదంటే లంగరు, ఉడికించిన చిలగడదుంపలు.
ఎక్కేటప్పుడు పైరగాలి తోస్తుంది,
దిగేటప్పుడు ఏరే దింపుతుంది.
ఇసుక మేట తగిలితే అడుగుపలక పైకి లాగి గెడ వెయ్యాలి.
కుదరకపోతే నడుంలోతులో దిగి తొయ్యాలి.
(ఇది కస్తూరికి ఇంకా చెప్పలేదు.)

కస్తూరి నా చెల్లెలు. ఈత రాదు.
స్నానాల గదిలో బకెట్టు నిండినా భయమే దానికి.
అయినా వస్తానంది.
దాని జాబితా వేరు: మాగాయ, పేకముక్కలు,
రెండు గొడుగులు, కొబ్బరినూనె,
"మరి బాత్రూము?" అన్న ప్రశ్న
కింద రెండు గీతలతో.

నిన్న ఆదివారం, తెరకొయ్య నిలబెట్టే సాధన.
పార్కింగులో లేపితే కొస వెళ్లి సీలింగుకి తగిలింది,
పై ఫ్లాటు సన్యాసమ్మ గారు
ఎవరో తలుపు కొట్టారనుకుని తలుపు తీశారట.
వీధిలోకి తోశాం,
వాచ్‌మన్ గవరయ్యతో కలిపి నలుగురం,
తీగలు లేని మలుపు వెతుక్కుని.
పాల వ్యాను ఆగింది. కుక్క కూడా ఆగింది.

ఎర్రయ్య కుట్టిన గుడ్డ
ముడతలు విప్పుకుంటూ పైకి పాకింది.
ఎక్కణ్ణుంచో, పోర్టు బొగ్గు వాసనతో
గాలొకటి సందు తిరిగి వచ్చింది.
చాప ఉబ్బింది. చక్రాలు కదిలాయి.
జానెడు.

నేను గీసిన ఓడలన్నీ కలిసి
నన్ను మోసిన దూరం కన్నా ఎక్కువే.
కొత్త నోటుపుస్తకం తీసి మొదటి పంక్తి రాశాను:
మర్రిపాలెం. ఉదయం ఆరూ పది. తూర్పుగాలి.
ప్రయాణం, ఒక జాన.

"చక్రం కింద ఇటుక పెట్టలేదేటే!"
కస్తూరి అరుస్తోంది పడవలోంచి.
పడవలోంచే.
ఎప్పుడెక్కిందో,
గొడుగు విప్పుకుని.